కామునికి చెల్లని కట్టె

ఫిబ్రవరి 3, శనివారం

ఎస్సై ఒప్పుకున్నాడు! చెప్పులు కూడా విప్పకుండా కూర్చుని రాస్తున్నాను. ఎరువుల దుకాణం వాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది, ఇప్పటిదాకా ఒక్క అక్షరం పెట్టలేదు. మా ఆయన స్టీఫెన్ బస్సు డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా కాలు ఒకచోట నిలిచేట్టు లేదు.

సాయిచంద్ మీద కేసు లేదు. లచ్చయ్య పొలంలో మోటరు వైరు కోసి, కాల్చి, రాగి అమ్మింది వాడే, కాదనను. అదీ నాట్ల సమయంలో. కోయించింది మాత్రం నల్ల బైకు మీద హుజూరాబాద్ నుంచి వచ్చే పెద్ద పోరడు. వాడు దొరకలేదు. నా పదో తరగతి పిల్లవాడు దొరికాడు.

కేసు రాస్తే పరీక్షల నాటికి వీడు బాలల హోంలో ఉంటాడని, అక్కడి నుంచి తిన్నగా ఆ బైకు వెనకే ఎక్కుతాడని ఎస్సై తనే అన్నాడు. ఊరు పూచీ పడితే ఆగుతానన్నాడు. మహిళా సంఘం తరఫున బాలలక్ష్మి, బడి తరఫున నేను పూచీ పడ్డాం. షరతు ఒకటే. ఊళ్లో ఏ చిన్న వస్తువు పోయిందని ఎవరొచ్చి చెప్పినా పాతదీ కొత్తదీ కలిపి రాస్తాడు.

లచ్చయ్య నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. గొడ్డునీ, గాలినీ, వాలిన కాకినీ పేరు పెట్టి తిట్టే మనిషి. ఇవాళ "మీ ఇష్టం" అని ఒక్క మాట అని వెళ్లిపోయాడు. పిల్లవాడి వంక చూడను కూడా లేదు. వైరు పోయిన నాటి నుంచీ అంతేనట. "నాలుగు తిట్టినా మంచిగుండు మేడం," అంది సాయిచంద్ తల్లి తిరుమల. భర్త పరశురాములు మస్కట్‌లో ఉన్నాడు, ఈమె ఒక్కతే బీడీలు చుట్టుకుంటూ నెట్టుకొస్తోంది.

ఠాణా గేటు దాటగానే వాడి చెయ్యి నా చేతిలో పెట్టించుకుని ఒట్టు వేయించాను. "నాది కానిది గడ్డిపోసైన ముట్ట," అన్నాడు. రెండోసారి గట్టిగా చెప్పించాను. ఎంత బాగా చెప్పాడో!

ఫిబ్రవరి 4, ఆదివారం

మా చర్చి గుడి నుంచి వస్తూ స్టీఫెన్ అడిగాడు. "నువ్వేమన్న వానికి జమానతా? రేపు వాడు కోడిని ఎత్తుకపోతే నువ్వు పోతవా జైలుకు?" బడి టీచరుగా నా బాధ్యత నేను చేశానని చెప్పాను. ఆ పిల్లవాడంటే నాకు ప్రత్యేకంగా ఏమీ లేదు.

"తిమోతి కోసమే గదా," అన్నాడు.

కాదు. తిమోతి సంగతి ఇక్కడ రాయను.

ఫిబ్రవరి 11

సాయంత్రాలు మా వరండాలో చదువు. వాడొక్కడినే పిలిస్తే బాగుండదని మరో నలుగురిని పిలిచాను. సంఘం ఆడవాళ్లు వంతులేసుకున్నారు, రోజుకొకరు తినడానికి ఏదో ఒకటి పట్టుకొస్తున్నారు. నిన్న సర్వపిండి, ఇవాళ ఉడకబెట్టిన పల్లికాయ. పెట్టినట్టు పెట్టి పక్కనే కూర్చుని, వాడు ఎటు పోతున్నాడో ఎవరితో తిరుగుతున్నాడో కూపీ లాగుతారు. పోలీసులకు కూడా ఇంత చాతకాదు. గుండె బొమ్మలో వాడు కుడి ఎడమలు తారుమారు చేశాడు. చెవి మెలిపెట్టాను.

ఫిబ్రవరి 14

భస్మ బుధవారం. శ్రమల దినాలు మొదలు. ఈస్టర్ దాకా కోపం మానేస్తానని ప్రార్థన చేసుకున్నాను.

ఫిబ్రవరి 15

మానలేదు.

ఫిబ్రవరి 22, గురువారం

ఊరంతా మేడారం జాతరకు పోయింది. ట్రాక్టర్లు, డీసీఎంలు, బెల్లం ముద్దలు, కోళ్లు, పిల్లాజెల్లా. వీధిలో నా అడుగుల చప్పుడు నాకే వినిపిస్తోంది. ఇళ్లన్నింటికీ తాళాలు.

బాలలక్ష్మి తన ఇంటి తాళంచెవి ఎవరికిచ్చి వెళ్లిందో తెలుసా? సాయిచంద్‌కు. బర్రెకు నీళ్లు పెట్టాలట, కోళ్లను గంప కింద కమ్మాలట. దొంగ చేతికి తాళమిచ్చినట్టు అని జనం నవ్వుతారే అన్నాను. నవ్వనీ అంది. ఆమెను చూసి మరో రెండిళ్ల వాళ్లు కూడా ఇచ్చారు. వాడు ఆ తాళాలు మొలతాడుకు కట్టుకుని ఊరికి పెద్దపటేలులా తిరుగుతున్నాడు.

జాతరకు పోనిది మేమూ, సాయిచంద్ వాళ్లూ, లచ్చయ్యే. లచ్చయ్య తన వాకిట్లో మంచం వేసుకుని పగలంతా కాపలా కూర్చున్నాడు. ఎవరి నుంచి కాపలానో అందరికీ తెలుసు.

ఫిబ్రవరి 25

అందరూ వచ్చేశారు. ఊళ్లో పుల్ల కూడా పోలేదు! బాలలక్ష్మి కోడి పొదిగింది, పోయినప్పటికంటే పిల్లలు ఎక్కువే ఉన్నాయి. ఆమె ఆ సంగతి వీధి మొదటి నుంచి చివరి దాకా చెప్పుకుంటూ పోయింది. లచ్చయ్య విన్నాడు. మంచం ఎత్తి లోపల పెట్టుకున్నాడు.

మార్చి 15, శుక్రవారం

కోలల చప్పుడు మొదలైంది! కాముని పున్నమి, అదే హోలీ, దగ్గర పడింది. పిల్లలు ఇంటింటి ముందు జాజిరి పాటలు పాడుతూ కోలలు వేస్తున్నారు. పాట ఎత్తుకునేది ప్రతి ఏడూ సాయిచందే, ఈ ఏడు కూడా వాడే. గొంతు మారి బొంగురు పోయింది, అయినా వాడే కావాలట. సోమవారం నుంచి పరీక్షలు, అరగంట కంటే ఎక్కువ ఆడితే కాళ్లు విరగ్గొడతానన్నాను. అంటూనే గేటు దగ్గర నిలబడి చాలాసేపు విన్నాను. పాపం, వాడూ అందరి పిల్లల్లో ఒకడే కదా అనిపించింది. అందరిలో ఒకడు కావడానికి ఇంత తిప్పలా?

మార్చి 18

తెలుగు పరీక్ష బాగా రాశాడట. "బాగా అంటే?" అంటే "మస్తుగ," అన్నాడు.

మార్చి 21, గురువారం

నా తెలివి తెల్లారినట్టే ఉంది.

బాలలక్ష్మి కొంగు నడుముకు చుట్టుకుని వచ్చింది, ఆమె అలా చుట్టుకుందంటే ఎవరికో మూడిందన్నమాట. వచ్చి నా ముందే నిలబడింది.

ఆమె చెప్పిందేమిటంటే, పిల్లలు కాముడి మంటకు కట్టెలు పోగుచేయడానికి బయలుదేరారు. సాయిచంద్ వాళ్లందరినీ ప్రతి గేటు ముందు వరసగా నిలబెట్టి, తను ముందుకెళ్లి, "అవ్వా, ఈ కట్టె తీస్కపోవచ్చునా?" అని అడుగుతున్నాడు. ఇవ్వకపోతే దండం పెట్టి పక్కింటికి పోతున్నాడు.

ఎంత మర్యాద అని నా మొహం వెలిగిపోయింది. అది చూసి ఆమెకు ఇంకా మండింది.

"అడిగి తీస్కపోతే కామునికి చెల్లుతదా మేడం? ఎత్తుకపోవాలె. మేం పొద్దుగాల లేసి సూస్కోవాలె, గల్లీ పట్టుకొని తిట్టాలె. తిట్లువడ్డ కట్టెనే కట్టె. గా పోరనికి ఏం నేర్పినవ్ నువ్వు?"

కాగజ్‌నగర్ మిల్లు క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని, నాకేం తెలుసు? అక్కడ మా బాపు పేతురు ఉన్న లైనులో కాముడు లేడు. ఈ ఊరొచ్చి ఇన్నేళ్లయినా, కిరస్తానం వాళ్ల ఇల్లని పిల్లలు మా గేటు జోలికి ఎన్నడూ రాలేదు. కట్టెలు ఎవరికి వాళ్లు ఇచ్చుకుంటారనుకున్నాను. కాముడి కట్టెల వరకు దొంగతనమే ధర్మమట. కట్టె పోయినవాళ్లు తిట్టకపోతే ఆ ఇంటికి మంచిది కాదట, తిట్టకుండా ఊరుకున్నారంటే మనసులో పగ పెట్టుకున్నట్టట.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడిగితేనే తప్పట. ఎవరికి చెప్పుకోను!

మార్చి 22

మిగతా పిల్లలు సాయిచంద్‌ను గుంపులోంచి వెళ్లగొట్టారు. నీతోని కాదు, ఇంటికి పో అన్నారట. పాట ఇంకెవడో ఎత్తుకుంటున్నాడు, శ్రుతీ లేదు ఏమీ లేదు.

స్కూటీ మీద వస్తుంటే కల్వర్టు దగ్గర కనిపించాడు. కల్వర్టు మీద సాయిచంద్, పక్కన స్టాండు వేసి నల్ల బైకు. ఆ పెద్ద పోరడు వీడి భుజం మీద చెయ్యేసి ఫోన్‌లో ఏదో చూపిస్తున్నాడు. హారన్ మీద వేసిన చెయ్యి తీయలేదు. వాడు బైకెక్కి వెళ్లిపోయేదాకా మోగించాను. శ్రమల దినాలు గుర్తు రాలేదు.

నేను అరిచినంతసేపూ సాయిచంద్ తల దించుకుని విన్నాడు. చివరికి అన్నాడు. "ఎవ్వలు మాట్లాడకపోతే ఎవలితోని కూసోవాలె మేడం? మీకు మాటిచ్చిన గదా. తప్పుమంటరా?"

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. వాణ్ని ఉలిపికట్టెను చేసింది నేనే, నా ఒట్టే.

ఇక రాయక తప్పదు. తిమోతి నా తమ్ముడు. మిల్లు మూతపడ్డ కాలంలో మా గల్లీ పోరలతో కలిసి పాత ఇనుము ఎత్తుకెళ్లాడు. ఒక్కసారే. దొరికాడు. తర్వాత వాడితో ఆడిన పిల్లలు ఆడడం మానేశారు, వాడు మాట్లాడే పిల్లలే మారిపోయారు. ఇప్పుడు ఎక్కడున్నాడో వాణ్ని కన్న మా అవ్వకు కూడా తెలియదు. చాలు.

మార్చి 23, శనివారం

లెక్కల పరీక్ష అయిపోగానే ఠాణాకు వెళ్లాను. దొంగతనానికి అనుమతి కావాలని పోలీసుల దగ్గరకు వెళ్లిన టీచరు ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఎస్సైది ఈ వైపు కాదు, మొదట ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వీ నవ్వీ నీళ్లు తాగాడు. తాగి, కాముడు ఏ సెక్షన్‌లోనూ లేడన్నాడు. ఎవరూ రాకపోతే నాకేమీ తెలియదు, ఎవరైనా వస్తే మాత్రం ముందే చెప్పాను కదా అన్నాడు. ఎవరైనా అంటే ఎవరో ఇద్దరికీ తెలుసు.

లచ్చయ్య బర్రెలకు గడ్డి వేస్తున్నాడు. నిలబడి అంతా చెప్పాను. కాముడి సంగతి, ఒట్టు సంగతి, కల్వర్టు సంగతి. గడ్డి వేస్తూనే ఉన్నాడు. బర్రెను కూడా తిట్టలేదు. వచ్చేశాను.

సాయిచంద్‌ను పిలిచి, రేపొక్క సాయంత్రం నీ మాట నీకు వాపసు ఇస్తున్నానని చెప్పాను. వాడు నమ్మలేదు. మూడుసార్లు చెప్పాక మొహంలో వెలుగొచ్చింది, అంతలోనే పోయింది.

"లచ్చయ్య తాత ఇల్లో?"

ఆ ఒక్క ఇల్లు వదిలేద్దాం, ఎందుకొచ్చిన గొడవ అన్నాను. వాడు గోరు కొరుక్కున్నాడు.

"అందరింట్ల ఎత్తి ఆ ఒక్కింట్ల ఎత్తకపోతే, గక్కడ నేను ఇంక దొంగనే అన్నట్టు గదా మేడం."

ఎక్కడ నేర్చుకున్నాడు ఈ మాటలు? మా పాఠంలో మాత్రం లేవు.

మార్చి 24, మట్టల ఆదివారం

పొద్దున గుడికి ఈత మట్టలు పట్టుకుని ఊరేగింపుగా వెళ్లాం. పాడుతున్నానే గానీ నా మనసంతా సాయంత్రం మీదే. పాస్టరుగారు ఏం చెప్పారో దేవుడికే ఎరుక.

సాయంత్రం! ఏం చెప్పను, ఊరు ఊరంతా నాటకమాడింది. బాలలక్ష్మి ఎంత పని చేసిందంటే, సంఘం సభ్యులందరికీ కబురు పెట్టింది. పొద్దు ఇంకా పూర్తిగా గూకలేదు, ఇంటింటికీ తలుపులు మూతపడ్డాయి. ఒక ఇంటి ముందు విరిగిన నిచ్చెన, ఒక ఇంటి ముందు పుచ్చిన దర్వాజ, ఇంకో ఇంటి ముందు నవారు లేని మంచం. లోపల టీవీలో సీరియల్ మోగుతూనే ఉంది, దాని మీద దొంగ గురక. బాలలక్ష్మి గురక అయితే వీధి చివరకు వినిపించింది.

మా ఇంట్లో కాలు విరిగిన స్టూలు ఉంది. తీసుకెళ్లి గేటు పక్కన పెట్టాను.

"శ్రమల దినాలల్ల కామునికి కట్టెలిస్తున్నవా టీచరమ్మా?" అన్నాడు స్టీఫెన్.

"ఇస్తలేను. పోతే నాకేం ఎరుక?" అన్నాను. లైటు ఆర్పి కిటికీ పక్కన ఇద్దరం పిల్లల్లా కూర్చున్నాం. మా ఇంటికి రారేమో, ఎన్నడూ రాలేదు కదా అని నాకు గుబులు. గేటు కిర్రుమంది. ఇకిలింపులు, ఉష్ ఉష్‌లు. చూసేసరికి స్టూలు లేదు! స్టీఫెన్ చెయ్యి గట్టిగా గిల్లేశాను.

తర్వాత ఉండబట్టలేక వాళ్ల వెనకే వెళ్లాను. లచ్చయ్య ఇల్లు రాగానే పిల్లలంతా ఆగిపోయారు. గేటు తీసే ఉంది. ఎన్నడూ తీసి ఉండని గేటు. వాకిటి మధ్యలో ఒకే ఒక్క వస్తువు పెట్టి ఉంది. పొలం దగ్గర స్టార్టరు బిగించి ఉండే పాత చెక్కపెట్టె. సాయిచంద్ వైరు కోసింది దాన్లోంచే.

వాడు ఒక్కడే లోపలికి నడిచాడు. మధ్యలో ఆగాడు. ఇంట్లో లైటు ఆరిపోయింది. వాడు వంగి పెట్టె ఎత్తి నెత్తిన పెట్టుకుని బయటకొచ్చాడు. నా పక్క నుంచే పోయాడు, నన్ను చూడలేదు.

లోపలి నుంచి దగ్గు కూడా వినిపించలేదు.

కాముడు బాగా మండాడు. అన్ని కట్టెల మీదా ఆ పెట్టె. పిల్లలు సాయిచంద్‌ను మధ్యలో నిలబెట్టి పాట ఎత్తుకోమన్నారు, ఎత్తుకున్నాడు. కానీ కళ్లు మంట మీద లేవు, లచ్చయ్య ఇంటి దారి మీదే ఉన్నాయి. అప్పటికే ఊరు ఊరంతా తలుపులు తీసుకుని తిట్లు మొదలుపెట్టింది, నవ్వుతూ. ఆ ఒక్క తలుపు తీయలేదు.

"ముసలోడు తిట్టలేదేందే," అని బాలలక్ష్మి నా చెవిలో అంది. ఆమె గొంతులో నవ్వు లేదు.

మార్చి 25, సోమవారం

ఇప్పుడే రాయాలి.

పొద్దున్నే పాలకని బయటకొచ్చాను. లచ్చయ్య తెల్లంగీ వేసుకుని, ఇస్త్రీ ధోతి కట్టుకుని, చేతికర్రతో రోడ్డు వైపు పోతున్నాడు. ఆ దారిలోనే ఆటోలు ఆగుతాయి, ఆటోలు ఠాణా ముందు నుంచే పోతాయి. పాలగిన్నె గోడ మీద పెట్టి పరుగెత్తాను. పిలిస్తే పలకలేదు. ఏమని పిలవను, పిలిచి ఏమని చెప్పను?

కాముడు కాలిన చోట ఆగాడు. వంగి ఇంత బూడిద తీసి నుదుటికి పెట్టుకున్నాడు. ఆటోల వైపు పోలేదు. పక్క గల్లీలోకి తిరిగాడు. తిరుమల ఇంటి ముందు నిలబడ్డాడు. కర్రతో గేటు మీద కొట్టాడు.

సాయిచంద్ పుస్తకంతోనే బయటకొచ్చాడు. వెనక తిరుమల.

అప్పుడు ఎత్తుకున్నాడు లచ్చయ్య!

"నీ పాడుగాను, నీ మొకం మన్నువడ, దొంగ పోరడా. వైరు కోసినవ్. పెట్టె ఎత్తుకపోయినవ్. ఇగ మోటరొక్కటే మిగిలింది, అది సుత నెత్తిన వెట్టుకపోతవా? వరి పొట్టకొచ్చింది, నీళ్లు పారవెట్టెటోడు లేక నా నడుము ఇరుగుతాంది. నీ కాళ్లిరుగ, రేపు పొద్దుగాల పొలం కాడికి రా."

గల్లీ గల్లీ బయటకొచ్చి చూస్తోంది. ఇన్నాళ్లూ లోపల దాచుకున్నదంతా ఒక్కసారే వచ్చింది, వాడి తాత దగ్గర నుంచి మస్కట్‌లో ఉన్న తండ్రి దాకా ఎవరినీ వదల్లేదు. తిరుమల కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. సాయిచంద్ నిలబడి తిట్లు తింటున్నాడు, ఒక్కొక్క తిట్టుకూ వాడి మొహం విప్పుకుంటోంది.

ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు వాడన్నాడు. "రేపు పరీక్షున్నది తాతా."

లచ్చయ్య వాడి చేతిలోని పుస్తకం వంక చూశాడు.

"రాసి రా, నీ మొకం మండ," అన్నాడు. నుదుటి బూడిద కొంచెం గీకి వాడి నుదుట రుద్ది, ఆ కర్ర నేలకు పొడుచుకుంటూ వెళ్లిపోయాడు.

బాలలక్ష్మి నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. ఈ వయసులో, బజార్లో! హోలీ రంగులు కూడా ఎవరో పోశారు, వద్దనలేదు. ఇంటికొచ్చి "లచ్చయ్య తిట్టాడు, లచ్చయ్య తిట్టాడు," అంటుంటే స్టీఫెన్‌కు నా వాలకం చూసి భయమేసిందట.

మా తిమోతిని ఆ రోజుల్లో గల్లీలో ఎవరూ తిట్టలేదు. ఒక్కరు కూడా. వాడొస్తుంటే తలుపులు వేసుకునేవాళ్లు, అంతే. సాయంత్రం అవ్వకు ఫోన్ చేసి వాడి గురించి ఎవరినైనా అడిగిందా అని కనుక్కోవాలి.

నాదింకో పని మిగిలింది. మా స్టూలు పోయింది కదా. రేపు సైన్సు పరీక్ష రాసి రాగానే సాయిచంద్‌ను బడి గేటు దగ్గర నిలబెట్టి తిట్టాలి. గట్టిగా, అందరూ వినేట్టు. స్టీఫెన్ దగ్గర కూర్చుని నాలుగు మంచి తిట్లు నేర్చుకుంటున్నాను. శ్రమల దినాల్లో కోపం మానేస్తానని ప్రార్థన చేసుకున్న మాట నిజమే గానీ, ఇది కోపం కాదు కదా.